హాజరు పట్టీలో ఇద్దరం

మా ఇంట్లో నడిచిన బడికి విద్యార్థిని నేనొక్కదాన్నే. అయినా మా నాన్న రోజూ పొద్దున హాజరు పిలిచేటప్పుడు ముందు "ఒకటి" అనేవాడు. అని కాసేపు ఆగేవాడు. అప్పుడు నేను పలకకూడదు. ఆయన కలం పట్టీ మీద గీరిన చప్పుడు వినిపించేది. ఆ తర్వాత "రెండు" అనేవాడు. నేను లేచి నిలబడి "ప్రజెంట్ సార్" అనాలి. బడి వేళల్లో ఆయన్ని నాన్నా అని పిలవడానికి వీల్లేదు. ఒకసారి మరిచిపోయి పిలిచినందుకు అరచేతి మీద రెండు దెబ్బలు కొట్టాడు. ఒకటి సరిపోయేది. రెండోది ఎందుకు కొట్టాడో ఇప్పటికీ నాకు తెలియదు.

ఒకటో నెంబరు ఎవరని నేను చాలాకాలం అడగలేదు. అది ఆయనదేననుకున్నాను. పంతులు కూడా బడికి వచ్చినట్టే కదా, ఆయన హాజరు ఆయనే వేసుకుంటున్నాడనుకున్నాను.

ఇదంతా కృష్ణ మీద పెద్ద ఆనకట్ట పని నడుస్తున్న రోజుల మాట. మాది గురజాలకు నాలుగు మైళ్ళ దూరం. ఊరు వేరు, మా క్రైస్తవుల పల్లె వేరు. మధ్యలో ఒక వాగు, అదీ ఏడాదిలో పది నెలలు ఎండిపోయే ఉండేది. మా ఇళ్ళకు గోడలూ నాపరాళ్ళే, కప్పులూ నాపరాళ్ళే, దొడ్లకు కంచెగా నిలబెట్టినవీ నాపరాళ్ళే. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం ఆ రాళ్ళు కాగి చిటుక్కు, చిటుక్కుమనేవి. ఇంటి మీద ఎవరో చిన్న పిల్ల నడుస్తున్నట్టు ఉండేది. పెద్దవాళ్ళంతా చేలకు పోయి, పల్లె మొత్తం మీద నేనూ నాన్నా మాత్రమే మాట్లాడుతూ ఉండే ఆ వేళ నాకు పగలంటేనే భయం కలిగేది. చీకటంటే నాకెప్పుడూ భయం లేదు. చీకట్లో ఇంటినిండా మనుషులుంటారు.

నాన్న అంతకుముందు మిషను బడిలో పంతులు. ఆ ఉద్యోగం ఎందుకు పోయిందో చెప్పాలి, ఎందుకంటే దాన్ని రకరకాలుగా చెప్పుకున్నవాళ్ళున్నారు. మా సంఘపెద్ద కూతురు ఐదో తరగతి పరీక్షలో తప్పింది. నాన్న తప్పించాడని వాళ్ళంటారు. ఆ పిల్ల లెక్కల కాగితం మీద కోడిపెట్ట బొమ్మ వేసి ఇచ్చి వచ్చిందని నేనంటాను, నేను చూశాను కాబట్టి. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ గుమ్మం ముందు చెప్పులు వెతుక్కుంటుండగా సంఘపెద్ద నాన్నను ఆపాడు.

"మేష్టారూ, పిల్లదానికి నాలుగు మార్కులు కలిపితే మీ చెయ్యేమన్నా అరిగిపోద్దా?"

"చెయ్యి అరగదండీ. లెక్క తప్పుద్ది."

"దేవుడే క్షమిస్తాడు, మీరేంది మధ్యలో?"

"దేవుడు క్షమిస్తాడు గానీ, ఇనస్పెక్టరు క్షమించడు గదండీ."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆ నవ్వే మా కొంప ముంచింది. నెల తిరక్కుండా నాన్నను బొల్లాపల్లి అవతల ఏదో ఊరికి మార్చారు. నాన్న వెళ్ళలేదు. "నేను అబద్ధం ఒక్క అక్షరం రాయను, రాయనందుకు ఒక్క అడుగు కదలను" అని రాజీనామా ఇచ్చి వచ్చాడు. వస్తూ వస్తూ నన్నూ ఆ బడి మాన్పించాడు. ఊళ్ళో బోర్డు బడి ఉంది. అక్కడ మా పల్లె పిల్లల్ని వరండాలో కూర్చోబెట్టేవాళ్ళు. "నా కూతురు వరండాలో కూర్చోదు" అన్నాడు. అట్లా నా చదువు ఇంటికి వచ్చింది. నన్ను ఎవరూ అడగలేదు. నాకు బడిలో ఒక స్నేహితురాలు ఉండేది, ఆ పిల్ల ఆ తర్వాత నన్ను చూసి తల తిప్పుకొని పోయేది. అది కూడా నేను మరిచిపోలేదు.

గోడకు ఆనించిన నల్లటి నాపరాయే మాకు బోర్డు. తొమ్మిదింటికి ఇత్తడి గంట కొట్టేవాడు, ప్రార్థన, హాజరు, తెలుగు, లెక్కలు. పన్నెండింటికి మళ్ళీ గంట. ఒక్క పిల్లకోసం గంట కొట్టడమేందని పల్లెలో నవ్వుకునేవాళ్ళు. నాన్నకు ఆ నవ్వు వినిపించేది కాదు. నాకు వినిపించేది. నాకు తెలుగు బాగా వచ్చేది. లెక్కలు వచ్చేవి కావు. ఎంత చెప్పినా వచ్చేవి కావు.

ఇప్పుడు మా అక్క సంగతి చెప్పాలి. అక్క అనడానికి నాకు నోరు రాదు, ఎందుకంటే నేను దాన్ని చూడలేదు. నాకంటే ముందు మా అమ్మకు ఒక ఆడపిల్ల పుట్టింది. మూడో ఏట మూడు రోజుల జ్వరంతో పోయింది. అది పోయిన ఐదు నెలలకు నేను పుట్టాను. పోయిన బిడ్డ పేరే తర్వాతి బిడ్డకు పెట్టడం మా పల్లెలో ఉన్న అలవాటే. నాయనమ్మ మాత్రం, నన్ను చాటలో పెట్టి పెంటకుప్ప మీద దొర్లించి, ఆ పెంటకుప్ప పేరే పెడితే చావు అసహ్యపడి ఈ బిడ్డ జోలికి రాదంది. నాన్న ఒప్పుకోలేదు. "మనం క్రైస్తవులం. దేవుడు తీసుకున్నాడు, తిరిగి ఇచ్చాడు, అంతే" అని అదే పేరుతో నాకు బాప్తిస్మం ఇప్పించాడు. నాయనమ్మ మాట విన్నా బాగుండేది. పెంటకుప్ప పేరైనా నా ఒక్కదానిదే అయి ఉండేది.

అమ్మ నన్ను ఆ పేరుతో పిలిచేది కాదు. "ఏమే" అనేది, "పిల్లా" అనేది. ఆ పేరు పలకాల్సి వస్తే మాట మింగేసేది.

ఈస్టరు ముందు సమాధులకు సున్నం వేసే రోజు ఒకటి గుర్తుంది. నాకు ఐదేళ్ళుంటాయి, అప్పుడప్పుడే అక్షరాలు కూడబలుక్కుంటున్నాను. మా వాళ్ళ సమాధుల్లో ఒక చిన్న రాయి దగ్గర కూర్చొని దాని మీద చెక్కింది ఒక్కొక్క అక్షరం చదివి, "నాన్నా, ఇక్కడ నేనున్నాను" అన్నాను. నా పేరు నేను మొదటిసారి చదివింది ఆ రాయి మీద. నాయనమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుంది. అమ్మ సున్నం కుంచె పట్టుకొని అట్లాగే ఉండిపోయింది. నాన్న మాత్రం నాకు చదవడం వచ్చిందని సంతోషించాడు. అది నేను కాదని ఆ రోజు నాకు ఎవరూ చెప్పలేదు.

ఇంటి బడి మొదలైన నాలుగో ఏడు, నాన్న నాచేత ఎనిమిదో తరగతి సర్కారు పరీక్ష ప్రైవేటుగా కట్టించాలని పట్టుబట్టాడు. జిల్లా అంతటికీ ఒకే ప్రశ్నపత్రం, రాసింది ఎవరో దిద్దేవాళ్ళకు తెలియదు. "అక్కడ సంఘపెద్ద ఉండడు, మిషను బడి మేనేజరు ఉండడు. కాగితం మాట్లాడుద్ది" అనేవాడు. ఆ ఏడే కట్టాలనడానికి కారణం నాకు తెలుసు. తప్పిన ఆ సంఘపెద్ద కూతురు ఆ ఏడే, అదే గురజాల సెంటర్లో, అదే పరీక్ష రాయబోతోంది. మా ఇద్దరి ఫలితాలు పక్కపక్కన చూడాలని ఆయన కోరిక. ప్రైవేటుగా కట్టేవాళ్ళకు పద్నాలుగేళ్ళు నిండి ఉండాలన్నారు. నాకు పదకొండు నిండాయి.

నాన్న నన్ను వెంటబెట్టుకొని పాస్టరుగారింటికి వెళ్ళాడు. బడి సర్టిఫికెట్టు లేని మాలాంటి వాళ్ళకు వయసు రుజువంటే బాప్తిస్మపు రిజిస్టరే. పాస్టరుగారు పెద్ద పుస్తకం తీసి వేలితో వెతికి, "ఇదిగో, మీ అమ్మాయిది" అన్నారు. నాన్న ఆ వేలిని పట్టుకొని పై పేజీకి జరిపినంత పని చేశాడు.

"ఇది ఇయ్యండయ్యా."

"ఇది పోయిన బిడ్డది గదా మేష్టారూ."

"ఈ పేరుతో, ఈ తేదీన, నాకు ఆడబిడ్డ పుట్టిందా లేదా?"

"పుట్టింది."

"బాప్తిస్మం మీ చేత్తోనే గదా ఇచ్చింది?"

"నా చేత్తోనే."

"ఉన్నది ఉన్నట్టు రాసియ్యండి. లేంది రాయమని నేనట్లేదు."

పాస్టరుగారు కళ్ళజోడు తీసి గుమ్మంలో నిలబడ్డ నన్ను చూశారు. "మరి ఈ పిల్ల?" అన్నారు.

నాన్న రిజిస్టరును ఆయన ముందుకు జరిపాడు. పాస్టరుగారు మళ్ళీ అడగలేదు. కళ్ళజోడు పెట్టుకొని ఒక్కొక్క మాటా రిజిస్టరులో చూసి కాగితానికెక్కించారు. సమాధుల రిజిస్టరు వేరే పుస్తకం. దాన్ని ఎవరూ అడగలేదు, ఆయనా తియ్యలేదు. నాలుగు మార్కులు కలపనన్న మా నాన్న నాకు రెండున్నరేళ్ళు కలిపాడు, ఒక్క అబద్ధం కూడా రాయకుండానే. వాగు దాటేటప్పుడు "నాన్నా, నాది రెండోది గదా?" అన్నాను. "పరీక్ష రాసేది నువ్వేగదా" అన్నాడు. అప్పటికి ఆ జవాబు సరిపోయిందనుకున్నాను.

మర్నాడు పొద్దున హాజరు పిలుస్తూ "ఒకటి" అన్నాడు. అన్నాక ఆగాడు, ఆగి నా వైపే చూశాడు. ఎప్పటిలాగే నేను పలకలేదు. "ఒకటి" అన్నాడు మళ్ళీ. ఆయన కళ్ళు చూసి లేచి "ప్రజెంట్ సార్" అన్నాను. ఆయన కలం గీరింది. ఆ తర్వాత "రెండు" అని పిలవలేదు. కలం మాత్రం రెండోసారి కూడా గీరింది.

ఆ రోజు నుంచి మా ఇల్లు మారింది. అమ్మ నన్ను పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టింది. పరీక్ష అధికారులు అడిగితే పిల్ల తడబడకూడదని నాన్నే ఇంట్లో అందరినీ అట్లా పిలవమన్నాడు. కానీ అమ్మ పిలిచే తీరు వేరు. చాలా ఏళ్ళుగా నోట్లో దాచుకున్న మాటను బయటికి తీసినట్టు మెల్లగా, మెత్తగా పిలిచేది. నేను తిరిగి చూస్తే, ఆమె చూపు నా ముఖం మీద కాదు, నా నడుము ఎత్తున, మూడేళ్ళ పిల్ల ముఖం ఉండే చోట ఉండేది.

ఒక రోజు కంచంలో బెల్లం ముక్క పెట్టింది.

"నాకు బెల్లం పడదు గదమ్మా."

"అదేందే, బెల్లమంటే ప్రాణం గదా నీకు. డబ్బా మూత తీసిన చప్పుడైతే పాక్కుంటా వచ్చేదానివి."

"అది నేను కాదు."

"ఆఁ. నువ్వు కాదులే" అంది అమ్మ. బెల్లం ముక్క మాత్రం కంచంలోంచి తియ్యలేదు.

ఒక మధ్యాహ్నం నాన్న గురజాల వెళ్ళినప్పుడు నేను హాజరు పట్టీ తెరిచాను. తాకకూడదన్న నియమం ఉంది, నేను తాకాను. ప్రతి పేజీలోనూ రెండు వరుసలే. ఒకటో నెంబరుకూ నా పేరే, రెండో నెంబరుకూ నా పేరే. రెండు వరుసల్లో తేడా పుట్టిన తేదీ ఒక్కటే. నాలుగేళ్ళుగా ఒకటో వరుస గళ్ళన్నిటిలోనూ 'సె' అని ఉంది. సె అంటే సెలవు. రెండో వరుసలో హాజరు గీతలు. పాస్టరుగారి కాగితం తెచ్చిన మర్నాటి నుంచి ఒకటో వరుసలో గీతలున్నాయి. రెండో వరుసలో 'సె', 'సె', 'సె'. ఆరు వారాలుగా నేను సెలవులో ఉన్నాను. కప్పు మీద రాళ్ళు చిటపటమన్నాయి. ఆ రోజు మాత్రం, ఎండకు కదా అని మనసుకు సర్ది చెప్పుకోలేకపోయాను.

ఈ విషయం నేను ప్రార్థనలో అడిగాను. మా ఇంట్లో రోజూ బైబిలు వాక్యం నేనే చదివేదాన్ని. ఆ వారం వరసలో, అన్న బట్టలు తొడుక్కొని, అన్న ఒంటి మీది వెంట్రుకలకు బదులు మేకతోలు చుట్టుకొని, గుడ్డి తండ్రి దగ్గర అన్న దీవెన కొట్టేసిన తమ్ముడి అధ్యాయం వచ్చింది. నాన్న చెయ్యి చాపి రెండు ఆకులు కలిపి తిప్పి, "ఇక్కణ్ణించి చదువు" అన్నాడు. నేను తర్వాత ఒంటరిగా చదువుకున్నాను. ఆ తమ్ముడికి దీవెన కావాలనిపించింది, తీసుకున్నాడు. నన్ను ఎవరూ కావాలా అని అడగలేదు. ఇంకో భయం కూడా పట్టుకుంది. చచ్చినవాళ్ళంతా లేచే కడపటి దినాన బూర మోగి పేరు పెట్టి పిలిచినప్పుడు ఇద్దరం ఒకేసారి లేస్తే? ఇద్దరం పలికితే? అది ముందు పోయింది కాబట్టి ముందు లేస్తుంది. అప్పుడు ఆ పేరు దానిదవుతుంది. మరి నన్ను ఏమని పిలుస్తారు? పాస్టరుగార్ని అడుగుదామంటే ఆయన "మరి ఈ పిల్ల?" అన్న మాట గుర్తొచ్చేది.

పరీక్షకు పది రోజులుందనగా హాలు టిక్కెట్టు వచ్చింది. నాన్న దాన్ని అందరి ముందూ గట్టిగా చదివాడు. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ. "గుర్తింపు మచ్చలు. ఎడమ ముంజేతి మీద ఒక పుట్టుమచ్చ. కుడి చెవి వెనక ఒక పుట్టుమచ్చ."

అమ్మ చేతిలో చాట కింద పడింది. జొన్నలు నేల మీద పరుచుకున్నాయి.

"అయి దానివి" అంది అమ్మ.

నాన్న ఆ వరుస మళ్ళీ చదువుకున్నాడు. ఆయనకూ అప్పుడే తెలిసిందని నేను నమ్ముతాను. కావాలని రాయలేదు. దరఖాస్తు నింపేటప్పుడు నేను ఆయనకు మూరెడు దూరంలో కూర్చొని ఉన్నాను. నా చెయ్యి పట్టుకొని చూస్తే సరిపోయేది. నా ఎడమ మోకాలి మీద వేలెడు పొడవున కాలిన మచ్చ ఉంది, అది ఎంత దూరం నుంచైనా కనిపిస్తుంది. ఆయన తలెత్తి చూడలేదు. పన్నెండేళ్ళ కిందట పోయిన పిల్ల ఒంటి మీది మచ్చలు చూడకుండా రాయగలిగాడు. ఎదురుగా ఉన్న పిల్లవి రాయలేకపోయాడు. వయసు మార్చినందుకు ఆయన్ని నేను ఎప్పుడో క్షమించాను. దీన్ని మాత్రం క్షమించలేదు.

హాల్లో మచ్చలు చూస్తారు. లేకపోతే లేపి పంపిస్తారు. నాన్న బజారు నుంచి జీడిగింజ తెచ్చాడు, చాకళ్ళు బట్టల మీద చెరగని గుర్తు పెట్టేది. నాయనమ్మ దాన్ని కాల్చి, సూదితో పొడిచి, ఆ రసం నా ముంజేతి మీద చుక్క పెట్టింది.

"చెవి వెనక?" అన్నాడు నాన్న.

"చెవికాడ జీడి పెడితే మెడంతా పొంగుద్దిరా. నేను పెట్టను."

"అమ్మా, ఒక్క చుక్కే."

"చచ్చినదాని మచ్చ కోసం బతికినదాన్ని చంపుకుంటావంట్రా? నా చేత్తో నేను ఆ పని చెయ్యను, పో!"

అంతకుముందూ ఆ తర్వాతా ఆ ఇంట్లో నా పక్షాన ఎవరైనా మాట్లాడింది ఆ ఒక్కసారే. మూడో రోజుకు నా ముంజెయ్యి బొబ్బలెక్కి నీరు కారింది. పరీక్ష నాటికి ఎండి, నల్లగా, మినపగింజంత మచ్చ మిగిలింది. పుట్టుమచ్చే అనిపించేది.

నాయనమ్మ నా పక్షాన మాట్లాడిన మనిషే గానీ నోరు ఆగదు. బావి దగ్గర ఎవరికో చెప్పింది. గురజాల బస్సులో సంఘపెద్ద కూతురు నా పక్కకు వచ్చి కూర్చుంది. పచ్చ ఓణీ వేసుకుంది, తలలో కనకాంబరాలు.

"ఏమే, నీకు పద్నాలుగంటగా? మొన్నటిదాకా నాకంటే చిన్నదానివి. ఎప్పుడు పెరిగావే?"

"నీకెందుకు? నువ్వు కోళ్ళ బొమ్మలు వేసుకోపో."

"వేసుకుంటాలే. మా అమ్మమ్మ చెప్పింది, చచ్చినోళ్ళ పేరు మీద రాస్తే రాసే చెయ్యి కూడా వాళ్ళదే అయిద్దంట. చూసుకో మరి." అంటూ నా ఎడమ ముంజేతిని వేలితో పొడిచింది. పైకి ఎండినా లోపల పుండు ఇంకా పచ్చిగానే ఉంది. నేను ఏడవలేదు.

హాల్లో ఆడపిల్లలం నలుగురమే. మాకోసం ఒక టీచరమ్మను పెట్టారు. సూపర్వైజరు హాలు టిక్కెట్టు చూసి నా చెయ్యి చూసి తల ఊపి ముందుకు పోబోయాడు.

"సార్, దాని చెవి కూడా చూడండి సార్" అంది ముందు బల్ల మీది నుంచి సంఘపెద్ద కూతురు.

హాలంతా నా వైపు తిరిగింది. అయిపోయిందనుకున్నాను. నాన్న నాలుగేళ్ళ గంటలూ, నా నాలుగేళ్ళ పాఠాలూ ఆ బల్ల దగ్గరే అయిపోయాయనుకున్నాను. టీచరమ్మ వచ్చి నా జడ పక్కకు జరిపి, కుడి చెవి ముందుకు వంచి చూసింది. ఆమె వేళ్ళు చల్లగా ఉన్నాయి.

"ఉంది సార్" అంది.

జాలిపడి అబద్ధం చెప్పిందనుకున్నాను. కృతజ్ఞతగా ఆమె ముఖంలోకి చూశాను. అక్కడ జాలి ఏమీ లేదు. మచ్చ చూసింది, ఉందని చెప్పింది, ఇంకో పిల్ల దగ్గరికి పోయింది.

తెలుగు పేపరు రాసిన సంగతి నాకు ప్రశ్నలతో సహా గుర్తుంది. మర్నాటి లెక్కల పేపరు రాసినట్టు గుర్తులేదు. కాగితం ఇచ్చారు, కిటికీలోంచి ఎండ బల్ల మీద పడి ఉంది, తర్వాత గంట కొట్టారు. మధ్యలో ఏం జరిగిందో నేను చెప్పలేను. వేళ్ళకు సిరా ఉంది.

ఇంటికి వచ్చి నాయనమ్మను చెవి చూడమన్నాను. ఆమె చూసి, ఉమ్మి తడి చేసి బొటనవేలితో రుద్దింది. మళ్ళీ రుద్దింది. "ఎప్పట్నించి ఉందే ఇది?" అంది.

"నాకెట్టా తెలుసుద్ది? నా చెవి వెనక నేను చూసుకుంటానా?"

అమ్మను పిలిచాం. అమ్మ చూసింది. చాలాసేపు చెవి వదల్లేదు. "ఎప్పుడూ ఉంది" అంది.

"ఎవరికి ఉందమ్మా? నాకా, దానికా?"

"ఎప్పుడూ ఉంది" అంది మళ్ళీ, నా జడ సర్ది పోయింది.

పుట్టినప్పటి నుంచీ నాకే ఉన్న మచ్చేమో. అక్కచెల్లెళ్ళకు ఒకే చోట మచ్చలుండటం వింతేమీ కాదు. అయితే పన్నెండేళ్ళలో ఆ ఇంట్లో ఒక్కరైనా నా తల దువ్వుతూ అది చూసి ఉంటే, ఈ రోజు నాకు సమాధానం ఉండేది. ఎవరూ చూడలేదు. అది నాదో, వచ్చి చేరిందో చెప్పగల మనిషి ఒక్కరూ లేరు.

నేను పాసయ్యాను. సంఘపెద్ద కూతురు తప్పింది. మార్కుల కాగితంలో తెలుగు కంటే లెక్కల్లో ఎక్కువ వచ్చాయి. నాన్న ఆ కాగితాన్ని గుడికి తీసుకుపోయి పాస్టరుగారి చేత కృతజ్ఞతా ప్రార్థన చేయించాడు. ప్రార్థనలో నా పేరు పలికినప్పుడు అమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది. అది సంతోషపు ఏడుపు కాదని పక్కన మోకరించిన నాకు తెలుసు. పన్నెండేళ్ళ కిందట ఆ పేరు అదే గుడిలో అదే గొంతుతో పలికిన రోజున ఏడ్చిన ఏడుపులో అది మిగిలిన భాగం.

ఆ కాగితం మీదే నాకు నరసరావుపేటలో ట్రైనింగు సీటొచ్చింది, ఆ కాగితం మీదే నూజెండ్ల వైపు ఒక బోర్డు బడిలో పంతులమ్మ ఉద్యోగమొచ్చింది. బడిలో అందరూ కాగితం మీది నా వయసు లెక్కగట్టి అక్కా అన్నారు. జీతం తీసుకున్నాను, పాఠాలు చెప్పాను. ఒక్కటి మాత్రం లోపల కుదురుకోలేదు. ఆ పరీక్ష పాసయింది నేనా అన్నది. అందుకని మెట్రిక్ ప్రైవేటుగా కట్టాలనుకున్నాను, నా తేదీ మీద, నా మోకాలి మచ్చ మీద. ఉద్యోగం పోతే పోనీ అనుకున్నాను. నన్ను నేనుగా కూర్చోబెట్టి ఒక్క పరీక్ష పెడితే, తప్పినా ఫరవాలేదు, తప్పింది నేనే అవుతాను. ఈ మాట దేవుడితో కూడా చెప్పాను. ఆయన్ని నేను వదల్లేదు. ఆయన మీద నాకు ఫిర్యాదుంది, అది వేరే సంగతి. ప్రార్థన చివర పేరు చెప్పుకోను, "నీ బిడ్డ" అని ఊరుకుంటాను.

వేసవి సెలవుల్లో ఇంటికి వచ్చి పాస్టరుగారింటికి వెళ్ళాను. పాతాయన నాదెండ్ల వైపు మారిపోయారు. కొత్తాయన చిన్నవాడు, మర్యాదస్థుడు. రిజిస్టరు తీశారు. నా పుట్టుక ఉన్న రెండో పద్దు దగ్గర ఆయన వేలు ఆగింది.

"ఈమె మీకేమవుతారమ్మా?"

"ఎవరు?"

"ఈ పోయిన పిల్ల."

పుస్తకం నావైపు తిప్పుకున్నాను. నా పద్దు ఎదురుగా అంచున పాత పాస్టరుగారి చేతిరాత. గుండ్రటి అక్షరాలు, ఎర్ర సిరా. సమాధుల రిజిస్టరులోని తేదీ వేసి, ప్రభువునందు నిద్రించింది అని రాసి ఉంది. పై పేజీలో, పోయిన పిల్ల పద్దు పక్కన ఏమీ లేదు. ఆయన నిజాయితీపరుడు. ఒక పద్దును బతికి ఉన్నట్టు రాసి ఇచ్చాక, ఆ పేరు మీద ఉన్న చావు ఎక్కడో ఒకచోట ఉండాలి కదా. రెండో పద్దుకు రాసి పుస్తకాలు సరిచేసి వెళ్ళిపోయారు.

"అయ్యగారూ, తేదీలు చూడండి. చావు ముందుంది, పుట్టుక తర్వాత ఉంది. పుట్టకముందే ఎట్టా పోతాను?"

"నిజమేనమ్మా. కానీ రాసినది దిద్దే అధికారం నాకు లేదు. ఉన్నది ఉన్నట్టు నకలు ఇవ్వగలను."

"ఇవ్వండి" అన్నాను.

ఆ నకలు పట్టుకొని ఇంటికి వచ్చాను. మధ్యాహ్నం. నాన్న అరుగు మీద మంచంలో ఉన్నాడు, అప్పటికి ఆయన ఛాతీలో జబ్బు ముదిరింది. కాగితం ఆయన చేతికిచ్చి ఎదురుగా నిలబడ్డాను. కూర్చోలేదు. ఆయన కళ్ళజోడు పెట్టుకొని, పాఠం దిద్దినట్టు, వేలు కదుపుతూ మొదటి నుంచి చివరి దాకా చదివాడు.

"తేదీలు తప్పు" అన్నాడు. "ఈ లెక్క కుదరదు."

"అది నాకూ తెలుసు. నేనెవరో చెప్పు నాన్నా. ఒక్కసారి నీ నోటితో చెప్పు. నేను రెండోదాన్నని రాసి సంతకం పెట్టు, చాలు."

ఆయన నా ముఖంలోకి చూశాడు. జీవితంలో ఆయన నన్ను అంతసేపు చూసిన గుర్తు నాకు లేదు. చూపు నుదుటి మీది నుంచి కళ్ళకు, కళ్ళ మీది నుంచి ముంజేతి దాకా వచ్చింది. అక్కడ ఆగింది. తాను పెట్టించిన మచ్చనే ఆయన పోయినదాని మచ్చగా గుర్తుపడుతున్నాడని నాకు అర్థమైంది. ఆయన ముఖం నిమ్మళించింది.

"ఎందుకమ్మా ఇప్పుడు ఇయన్నీ" అన్నాడు. "పాసయ్యావు గదా."

అని కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి నా చేతికిచ్చాడు. సంతకం పెట్టలేదు.